పెళ్లికి ఆన్‌లైన్‌లో సెక్యూరిటీ గార్డులు: ముందు కాపలా పోస్టులు గీయండి, తర్వాతే యాప్ తెరవండి

మన పెళ్లిళ్లలో దొంగకు కలిసొచ్చే సమయం జీలకర్ర బెల్లం వేళ. ముహూర్తం రాత్రి 2 గంటల 18 నిమిషాలకు అనుకోండి. అప్పుడు ఇంటిల్లిపాదీ మండపం చుట్టూ చేరుతుంది. పెళ్లికూతురి గదిలో నగల పెట్టెలు, పిన్నుల హ్యాండ్‌బ్యాగులు, ఛార్జింగ్ పెట్టిన ఫోన్లు, చదివింపుల కవర్ల సంచి దిక్కులేకుండా పడి ఉంటాయి. బాజాల హోరులో తలుపు తీసిన చప్పుడు కూడా వినబడదు.

ఎల్బీనగర్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో మా చెల్లి పెళ్లి చేశాం. అడిగిన రోజుకు గార్డులను పంపుతామనే ఒక ఆన్‌లైన్ సేవలో నలుగురిని బుక్ చేశాను. యాప్ అడిగింది మూడే ప్రశ్నలు: ఎంతమంది, ఏ తేదీ, ఎన్ని గంటలు. టకటకా నొక్కేసి, డబ్బు కట్టేసి, ఒక పని అయిపోయిందనుకున్నాను. నలుగురికి ముగ్గురే వచ్చారు. ఆ ముగ్గురూ గేటు దగ్గరే నిలబడి వచ్చిన ప్రతి కారుకూ సెల్యూట్ కొట్టారు. గది దగ్గర ఒక్కరూ లేరు. ఎక్కడ నిలబడాలో నేను చెబితే కదా! ఆ రాత్రి ఏం జరిగిందో కింద చెబుతాను. ఆ తర్వాత మా బంధువుల ఇళ్లలో మరో రెండు పెళ్లిళ్లకు, ఒక గృహప్రవేశానికి ఈ పని నాకే అప్పగించారు. అలా పట్టుబడిన పద్ధతి ఇది.

1. అసలు గార్డు కావాలా?

పండక్కి ఊరెళ్తూ ఇంటికి కాపలా కోసం చూస్తున్నట్టయితే ముందు మీ పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. సంక్రాంతికీ దసరాకీ ఊరెళ్లేవాళ్లు సమాచారం ఇవ్వమని పోలీసులే ఏటా అడుగుతుంటారు, గస్తీ తిరిగేవాళ్లు ఆ ఇంటి మీద ఓ కన్నేస్తారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులైతే తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో ఉచితంగా కెమెరా పెట్టే ఏర్పాటు కూడా తెచ్చారు. దానికి పైసా ఖర్చు లేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఖాళీ ఇల్లు అప్పగించడం కంటే అది నయమని నా ఉద్దేశం.

పెళ్లి, రిసెప్షన్, గృహప్రవేశం, షాపు ప్రారంభం, కాలనీ గణపతి మండపం లాంటి వాటికి మాత్రం ఒక రోజు గార్డులు బాగా పనికొస్తారు. ఇక్కడ పెళ్లినే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే అన్ని చిక్కులూ అందులోనే ఉంటాయి.

2. పోస్టులు గీయండి

ఈ లైనులో వాళ్లు మాట్లాడుకునే భాష వినండి. "ఎన్ని పోస్టులు సార్?" అంటారు, ఎంతమంది మనుషులు అనరు. పోస్టు అంటే ఒక చోటు, ఒక పని, ఇన్ని గంటలు. గార్డుల సంఖ్య అందులోంచి దానంతట అదే తేలుతుంది.

పెళ్లికి వారం ముందు హాలుకు వెళ్లి ఒకసారి చుట్టూ నడవండి. పగలు వెళ్తే సగమే తెలుస్తుంది, దీపాలు పెట్టాక వెళ్లండి. ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టండి. చాలా హాళ్లలో ముందు గేటు మీదే అందరి దృష్టీ ఉంటుంది గానీ, వంటశాల వెనక ఒక చిన్న తలుపు ఉంటుంది. గ్యాస్ సిలిండర్లు, కూరగాయలు, వడ్డన కుర్రాళ్లు, చెత్త, అన్నీ అటునుంచే. దానికి తాళమూ ఉండదు, అడిగేవాడూ ఉండడు. మేనేజర్‌తో మాట్లాడి కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, పనిచేస్తున్నాయో లేదో చూడండి. వందమందికి పైగా చేరే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఫంక్షన్ హాళ్లూ దాని కిందికే వస్తాయి. కెమెరా ఉన్న చోట మనిషిని కొంచెం తగ్గించుకోవచ్చు. కెమెరాకు కనబడని మూలే మీ పోస్టు.

ఐదారు వందల మంది వచ్చే రాత్రి పెళ్లికి నేను వేసే లెక్క ఇలా ఉంటుంది. గేటు దగ్గర ఒకరు, సాయంత్రం 5 నుంచి రాత్రి 1 దాకా. పార్కింగ్‌లో ఒకరు, 6 నుంచి 2 దాకా. చదివింపుల బల్ల పక్కన ఒకరు, అదీ 6 నుంచి 2 దాకా. వంటశాల వెనక తలుపు దగ్గర ఒకరు, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 4 దాకా. పెళ్లికూతురి గది దగ్గర మహిళా గార్డు, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా ఒకరు, 10 నుంచి ఉదయం 6 దాకా ఇంకొకరు. మొత్తం ఆరు షిఫ్టులు, ఆరుగురు మనుషులు.

ఆ గది పోస్టు గురించి కాస్త ఆగి చెప్పాలి. పదహారు గంటలు ఒకే మనిషితో లాగించేద్దామని ఏజెన్సీ వాళ్లే అంటారు, దాన్ని డబుల్ డ్యూటీ అంటారు. ఒప్పుకోకండి. మధ్యాహ్నం నుంచి నిలబడ్డ మనిషి అర్ధరాత్రి రెండింటికి కుర్చీలో కునుకు తీస్తే ఆమెను తప్పుపట్టలేం, పైగా మనకు అసలు అవసరం ఉన్నది ఆ వేళకే. షిఫ్టు మారే సమయం అర్ధరాత్రి పెట్టకుండా పదింటికి పెట్టడానికీ కారణముంది. దిగిన అమ్మాయి ఇంటికి చేరాలి కదా. యాప్ వాళ్లు దింపుతారా, మీరు కారు పంపాలా అన్నది ముందే తేల్చుకోండి.

చదివింపుల విషయంలో ఒక్క మాట. గార్డు సంచికి కాపలా, సంచి మోసే మనిషి కాకూడదు. కవర్లు పుచ్చుకునేది, పుస్తకంలో రాసేది, సంచి పట్టుకునేది మన బాబాయో మేనమామో అయి ఉండాలి. సంచి బల్ల నుంచి కదిలితే గార్డు ఆయన వెంట నడుస్తాడు. అంతే.

3. లైసెన్సు ఎవరిది?

ఆన్‌లైన్ సేవల్లో రెండు రకాలున్నాయి. కొన్ని సెక్యూరిటీ ఏజెన్సీలే సొంత యాప్ పెట్టుకున్నాయి. మిగతావి మధ్యవర్తులు, మన బుకింగ్ తీసుకుని ఏదో ఒక ఏజెన్సీకి పంపుతాయి. రెండో రకంలో తెరమీద కనబడే పేరు ఒకటి, గార్డు భుజం మీద బ్యాడ్జి పేరు ఇంకొకటి. అది తప్పేం కాదు, కానీ ఆ రెండో పేరు మీకు ముందే తెలియాలి.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది, లైనులో అందరూ పసారా అంటారు. లైసెన్సు లేకుండా ఈ వ్యాపారం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 25 వేల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది: లైసెన్సు ఒక జిల్లాకు కావచ్చు, ఐదు జిల్లాల దాకా కావచ్చు, మొత్తం రాష్ట్రానికి కావచ్చు. ఫీజులు కూడా 5 వేలు, 10 వేలు, 25 వేలు అని వేరువేరుగా పెట్టారు. రాష్ట్రం దాటితే ఆ రాష్ట్రంలో మళ్లీ లైసెన్సు కావాలి. హైదరాబాద్‌లో కూర్చుని విజయవాడ పెళ్లికి బుక్ చేస్తుంటే ఆంధ్రప్రదేశ్ లైసెన్సు ఉన్న ఏజెన్సీ వస్తుందా అని అడగాల్సిందే. అమెరికాలో ఉండి ఊళ్లో తమ్ముడి పెళ్లికి బుక్ చేసేవాళ్లకు ఈ పొరపాటు మరీ సులువు, యాప్‌లో అన్ని ఊళ్లూ ఒకేలా కనబడతాయి.

కాబట్టి డబ్బు కట్టే ముందు చాట్‌లో ఇలా రాయండి: "గార్డులు ఏ ఏజెన్సీ నుంచి వస్తున్నారు? పసారా లైసెన్సు నంబరు, గడువు తేదీ, ఏ జిల్లాలకు వర్తిస్తుందో ఫొటో పంపండి." సరైనవాళ్లు ఐదు నిమిషాల్లో పంపుతారు. లైసెన్సును ఆఫీసులో అందరికీ కనబడేలా పెట్టడం చట్టప్రకారం వాళ్ల విధే, కాబట్టి అది దాచాల్సిన కాగితమేమీ కాదు. "అవన్నీ ఉన్నాయి సార్, మీరు టెన్షన్ పడకండి" అనే జవాబు వస్తే ఇంకో యాప్ చూసుకోండి.

గార్డుకు కూడా అర్హతలున్నాయి. 18 ఏళ్లు నిండాలి, 65 దాటకూడదు. ప్రవర్తన, పూర్వాపరాలు విచారించి ఉండాలి. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నియమాల్లో శిక్షణ 160 గంటలు: 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు అది తక్కువ. ఈ సర్టిఫికెట్లన్నీ మీరు తనిఖీ చేయలేరు, చేయక్కర్లేదు కూడా. "పోలీస్ వెరిఫికేషన్ అయినవాళ్లనే పంపండి" అని రాతపూర్వకంగా అడిగి, అవునన్న జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే చాలు.

యాప్‌లో "బౌన్సర్" అని ఇంకో డబ్బా ఉంటుంది, ధర ఎక్కువ. చట్టం దృష్టిలో బౌన్సర్ అనే ప్రత్యేక జాతి ఏదీ లేదు, నల్ల టీషర్టు వేసుకున్నా గార్డు గార్డే. 2024 డిసెంబరులో సంధ్య థియేటర్ తొక్కిసలాట జరిగాక, బౌన్సర్లు జనాన్ని నెడితే వాళ్లతోపాటు తెచ్చుకున్నవాళ్లూ బాధ్యులేనని హైదరాబాద్ పోలీసులు గట్టిగా చెప్పారు. పెళ్లికొచ్చిన పెద్దమ్మను కండలు తిరిగిన కుర్రాడు "పక్కకు జరగండి" అంటే ఆ మాట పదేళ్లు గుర్తుంటుంది. నేనైతే పెట్టను.

తుపాకీ గార్డు అసలే వద్దు. నగల షాపుకు, బ్యాంకు డబ్బుల వ్యానుకు అది వేరే లెక్క. పెళ్లి సంబరానికి గాల్లో కాల్చడాన్ని 2019 సవరణతో నేరం చేశారు, రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. మీ గన్‌మ్యాన్ కాల్చకపోవచ్చు, కానీ "ఒక్కసారి కాల్చు అన్నా" అని మీద పడే మరిది ఒకడు ప్రతి పెళ్లిలో ఉంటాడు.

4. బుకింగ్‌లో ఏం నింపాలి?

తేదీ దగ్గర జాగ్రత్త. రాత్రి 2 గంటల 18 నిమిషాల ముహూర్తమంటే యాప్ లెక్కలో మరుసటి తేదీ. 14వ తేదీ రాత్రి అని శుభలేఖలో ఉంటుంది, గార్డేమో 15వ తేదీ సాయంత్రానికి బుక్ అవుతాడు, లేదా ఒక రోజు ముందే వచ్చి ఖాళీ హాలు చూసి వెళ్లిపోతాడు. మొదలయ్యే తేదీ, గంట, ముగిసే తేదీ, గంట నాలుగూ సరిచూసుకోండి.

లొకేషన్ పిన్ హాలు గేటు మీదే పడాలి. ఒకే పేరుతో ఒకే రోడ్డులో రెండు హాళ్లుండటం మన దగ్గర మామూలే.

"ప్రత్యేక సూచనలు" అనే చిన్న డబ్బాను చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అసలు బుకింగ్ అదే. నేను రాసేది ఇలా ఉంటుంది: "ఆరు పోస్టులు. పోస్టుల పట్టిక వాట్సాప్‌లో పంపుతాను. గది దగ్గర ఇద్దరూ మహిళా గార్డులే. గేటు, చదివింపుల దగ్గర తెలుగు బాగా వచ్చినవాళ్లు కావాలి. యూనిఫాం, బూట్లు, విజిల్, ఐడీ కార్డు తప్పనిసరి. డబుల్ డ్యూటీ మనుషులు వద్దు. ఒకరు రాకపోతే గంటలోపు రిలీవర్ రావాలి. భోజనం మేం పెడతాం." తెలుగు సంగతి ఎందుకు రాస్తానంటే, నగరంలో గార్డుల్లో చాలామంది ఒడిశా, బీహార్, అస్సాం నుంచి వచ్చినవాళ్లు. పార్కింగ్‌లో వాళ్లు చక్కగా చేస్తారు. గేటు దగ్గర మాత్రం పల్లెటూరి నుంచి బస్సు దిగి వచ్చిన తాతయ్య దారి అడిగితే జవాబు చెప్పాలి.

సూపర్‌వైజర్ విడిగా కావాలా? నమూనా నియమాల ప్రకారం ఒక సూపర్‌వైజర్ 15 మందిని చూడొచ్చు. ఆరుగురికి ప్రత్యేకంగా డబ్బు కట్టక్కర్లేదు గానీ, ఏజెన్సీ ఫీల్డ్ ఆఫీసర్ ఒకరు షిఫ్టు మొదట్లో వచ్చి నిలబెట్టి వెళ్లాలని, ఆ రాత్రి ఫోన్ ఎత్తాలని అడగండి.

5. ధర

ఊరిని బట్టి, ముహూర్తాల రద్దీని బట్టి ధర మారుతుంది. నమూనాకు షిఫ్టు 1,300 రూపాయలనుకుందాం. ఆరు షిఫ్టులకు 7,800. ఏజెన్సీ జీఎస్టీలో నమోదై ఉంటే 18 శాతం, అంటే 1,404. మొత్తం 9,204. ప్లాట్‌ఫాం ఫీజు, రాత్రి ఛార్జీ, ప్రయాణ ఖర్చు అంటూ చివరి పేజీలో కలిపేవి వేరు. అందుకే మొదటి పేజీ ధరల్ని పక్కన పెట్టి, చివరి పేజీ ధరలను పోల్చండి.

మరీ చవకగా ఉంటే అనుమానించాలి. గార్డుకు కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, నిర్ణీత గంటలు దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలి, ఆపైన ఏజెన్సీ ఖర్చు. ఇవన్నీ పోతే మిగలని ధరకు మనిషిని పంపుతున్నారంటే ఆ కోత అతని జీతంలోంచే పడుతుంది. లేదా పగలు ఇంకో చోట డ్యూటీ చేసి నిద్రలేని మనిషి మీ దగ్గరికొస్తాడు.

అడ్వాన్సు యాప్ లోపలే కట్టండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, అక్కడ దొరికిన నంబరుకు ఫోన్ చేసి, అతను పంపిన క్యూఆర్ కోడ్‌కు డబ్బు కొట్టడం మోసపోవడానికి దగ్గరిదారి. పొరపాటున కొట్టేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

6. వచ్చిన రోజు

మొదటి షిఫ్టుకు అరగంట ముందు మీ తరఫున ఒక మనిషి గేటు దగ్గర ఉండాలి. అది పెళ్లికూతురి తండ్రి కాకూడదు, పాపం ఆయనకు ఆ రోజు ఊపిరి ఆడదు. ఉద్యోగం చేసే బావమరిదో, పెళ్లికాని తమ్ముడో చాలు. వచ్చిన గార్డు ముఖం, యాప్‌లో ఫొటో, మెడలోని ఐడీ కార్డు మూడూ ఒకటేనా చూడాలి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇవ్వడం ఏజెన్సీకి చట్టపరమైన బాధ్యత. మనిషి వేరైతే, వచ్చినట్టు నమోదు చేసుకోవడానికి అతను అడిగే ఓటీపీ చెప్పకండి. ఓటీపీ చెప్పారంటే ఆ మనిషిని ఒప్పుకున్నట్టే, తర్వాత వాదన నిలవదు. మా చెల్లి పెళ్లిలో హడావుడిలో నాలుగు ఓటీపీలూ ఒకేసారి చదివేశాను. రాని మనిషికి కూడా డబ్బు కట్టింది అందుకే.

తర్వాత ఒక్కొక్కరినీ పోస్టు దాకా నడిపించి చూపించండి. గది గార్డుకు లోపలికి వెళ్లగలిగినవాళ్ల జాబితా ఇవ్వండి: అమ్మ, అక్క, ఇద్దరు అత్తలు, మేకప్ అమ్మాయి. పేర్లు మాత్రమే రాస్తే లాభం లేదు, ఒకసారి అందరి ముఖాలూ చూపించండి. వెనక తలుపు గార్డుకు క్యాటరింగ్ మేస్త్రిని పరిచయం చేయండి. తన కుర్రాళ్లెవరో ఆయనే చెబుతాడు.

ఒక కుర్చీ, నీళ్ల సీసా, బాత్రూం ఎటో చెప్పడం, భోజనం. భోజనం చివరి పంక్తి దాకా ఆపకండి. గార్డులను ఒకరి తర్వాత ఒకరిని ముందుగానే తినిపిస్తే, ముహూర్తం వేళ డ్యూటీలో ఉన్నవాళ్ల పోస్టు ఖాళీ అవదు.

7. గార్డు ఏం చేయకూడదు?

మా చెల్లి పెళ్లిలో ఏం జరిగిందంటే, తలంబ్రాలు అయ్యాక మా పిన్ని బ్యాగు కనబడలేదు. గొలుసు, ఫోను అందులోనే. ఎవరో "క్యాటరింగ్ పిల్లాడు ఇటు తిరిగాడు" అన్నారు. నేనే గార్డుకు చెప్పాను, ఆ పిల్లాడి జేబులు చూడమని. అందరి ముందూ చూశాడు. పదిహేడో పద్దెనిమిదో ఏళ్లుంటాయి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. గంట తర్వాత బ్యాగు పట్టుచీరల కవర్ల కింద దొరికింది. అతని దగ్గరికెళ్లి క్షమించమన్నాను. తలూపి బకెట్లు మోసుకుంటూ వెళ్లిపోయాడు.

గార్డుకు పోలీసు అధికారాలేమీ లేవు. ఒప్పుకోని మనిషిని సోదా చేయకూడదు, కొట్టకూడదు, గదిలో పెట్టి తాళం వేయకూడదు. తన కళ్లముందే దొంగతనం లాంటి నేరం జరిగితే ఏ పౌరుడైనా మనిషిని పట్టుకోవచ్చు, గార్డుకు ఉన్నదీ అదే హక్కు. కొత్త నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అనుమానం మాత్రమే ఉంటే 112కు ఫోన్ చేసి ఆగాలి. ఈ ముక్క గార్డులకూ చెప్పండి, అంతకంటే ముఖ్యంగా మీ ఇంట్లో ఆవేశపరులకు చెప్పండి. పెళ్లివారి మాట కాదనే ధైర్యం ఒక రోజు డ్యూటీకి వచ్చిన గార్డుకు ఉండదు.

8. తేడా వస్తే, రాకపోతే

ఏదైనా పోతే పోలీసులకు ఫిర్యాదు ఇస్తూనే, కెమెరా రికార్డు చెరిపేయకుండా ఉంచమని హాలు మేనేజర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. యాప్ నిబంధనల్లో "నష్టానికి మా బాధ్యత లేదు" అన్న వాక్యం దాదాపు ఉండనే ఉంటుంది, బుక్ చేసేటప్పుడే చదవండి. మనిషి రాకపోవడం, ఆలస్యం, వేరే మనిషిని పంపడం లాంటివి సేవాలోపం కిందికి వస్తాయి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్లాట్‌ఫాంకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అక్కడ తెగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

తెల్లవారాక గార్డులు డ్యూటీ స్లిప్ మీద సంతకం అడుగుతారు. నిజంగా పనిచేసిన గంటలే రాయండి, ఎక్కువ చేసి ఉంటే ఎక్కువే రాయండి. వాళ్ల జీతం లెక్క ఆ కాగితం మీదే. యాప్‌లో డ్యూటీ ముగిసినట్టు నొక్కడానికి మాత్రం తొందరపడకండి. అప్పగింతలయ్యి, ఏడుపులయ్యి, సారె సామాను వ్యానుకెక్కే ఆ అరగంటలో గది తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. గది గార్డు చివరిసారి మంచం కింద, బాత్రూంలో, చీరల కవర్ల కింద చూసి, తాళం మీ చేతికిచ్చి, వ్యాను గేటు దాటాక నొక్కండి.